పేరులో చేరని గౌరవము

సాలార్‌జంగు అను పేరు విననివారు తెలుగునాట అరుదు. మూసీనది యొడ్డున ఆ పేర వెలసిన వస్తుప్రదర్శనశాలను చూడగోరి దూరదేశములనుండియు జనులు వచ్చుచుందురు. కాని 1853వ సంవత్సరము మొదలు ముప్పదియేండ్లు నిజాము రాజ్యమునకు దివానుగా నుండి, అప్పులలో మునిగిన ఖజానాను గట్టెక్కించి, భూమిశిస్తు విధానమును న్యాయస్థానములను క్రొత్తగా నెలకొల్పిన ఆ వంశపు మొదటి సాలార్‌జంగునకు తల్లిదండ్రులు పెట్టిన పేరు మీర్ తురాబ్ అలీఖాన్ అని యెఱిగినవారు మిక్కిలి కొలదిమంది. బిరుదు మనుష్యుని పేరును మ్రింగివేసినది. హైదరాబాదు కొలువులో ఇది వింత కాదు. జంగు, దౌలా, ముల్కు, ఉమ్రా, జాహ్ అని మెట్టుపై మెట్టుగా బిరుదులుండెడివి. ఉద్యోగి ఒక మెట్టెక్కినపుడెల్ల ప్రభువు ఆతని పేరునే మార్చెడివాడు. అందుచేత నాటి దఫ్తరములను పరిశీలించు చరిత్రకారునికి ఒకే మనుష్యుడు ఒక కాగితమున ఒక పేరితోను, పదియేండ్ల తరువాతి కాగితమున మఱియొక పేరితోను కన్పట్టుచుండును. నగర కొత్వాలుగా కీర్తినందిన వేంకటరామారెడ్డిగారు నేటికిని జనుల నోట రాజా బహద్దరు వేంకటరామారెడ్డిగారే.

స్వతంత్రభారతము తన పౌరులను, తన సైనికులను గౌరవింప బూనినపుడు మొట్టమొదట ఎదుర్కొనవలసివచ్చిన చిక్కు ఇదియే. గౌరవమనునది మనుష్యుని పేరులో జొరబడి, ఆతని నితరులకంటె పై జాతివానినిగా చేయకుండునట్లు దాని నిచ్చుట యెట్లు? భారతరత్నము, పద్మపురస్కారములు, పరమవీరచక్రము మున్నగువాని చరిత్ర యంతయు ఈ ప్రశ్నకు వెదకిన సమాధానముల చరిత్రయే యని నేను తలంచుచున్నాను. సైనికగౌరవముల విషయమున మనకు మంచి సమాధానము దొరకినది. పౌరగౌరవముల విషయమున ఆ వెదకులాట ఇంకను ముగియలేదు.

మన ప్రాచీనులకు రెండు విధములైన గౌరవములు తెలియును. ఒకటి రాజాస్థానపుది. ప్రౌఢదేవరాయల సభలో గౌడడిండిమభట్టు నోడించిన శ్రీనాథునకు కనకాభిషేకము జరిగెననియు, పెద్దన పాదమునకు కృష్ణదేవరాయలు తన చేతులార గండపెండేరము తొడిగెననియు చెప్పుకొనుచు నేటికిని మనము పొంగిపోవుదుము. కవిసార్వభౌముడు, ఆంధ్రకవితాపితామహుడు అను బిరుదములు ఆ కవుల పేర్లతో విడదీయరానివైపోయినవి. రాజుల బిరుదగద్యముల మాట చెప్పనక్కఱలేదు. శాసనమునందు దానవిషయము నాలుగు పంక్తులైన, దాతయొక్క బిరుదావళి నలువది పంక్తులు. రెండవది గ్రామపు గౌరవము. పశువులను తఱలించుకొనిపోవు దొంగల నడ్డగించియో, ఊరికొఱకు పోరాడియో ప్రాణములు విడిచినవానికి ఊరివారు పొలిమేరయందు ఒక ఱాతిని నిలిపి, దానిపై ఆతడు కత్తియో విల్లో బూని పోరుచున్న దృశ్యమును చెక్కించెడివారు. అదియే వీరగల్లు. అనేక వీరగల్లులపై పేరైనను లేదు, ఉన్నది ఆ కార్యము మాత్రమే. ఆస్థానము పేరును పెంచినది, గ్రామము కార్యమును నిలిపినది. ఈ భేదమును గుర్తుంచుకొనిన తరువాతి చరిత్ర సులభముగా బోధపడును.

ఆంగ్లేయులు ఈ దేశమునకు వచ్చిన పిదప ఆస్థానపద్ధతిని అలవఱచుకొనుటయే గాక దానికి కార్యాలయపు క్రమమును గూడ చేర్చిరి. 1857 నాటి మహాసంక్షోభము నుండి తేఱుకొనిన ప్రభుత్వము, సంస్థానాధీశుల విధేయతను స్థిరపఱచుకొను తలంపుతో 1861లో స్టార్ ఆఫ్ ఇండియా అను గౌరవశ్రేణిని, 1878లో ఇండియన్ ఎంపైర్ అను మఱియొక శ్రేణిని నెలకొల్పినది. వానికి దిగువ రావుసాహేబు, రావుబహద్దరు, దివాన్‌బహద్దరు బిరుదులు. అన్నిటికిని మిన్నగా పేరునకు ముందు 'సర్' అను రెండక్షరములు. ఈ బిరుదులన్నియు అనర్హులకే దక్కినవనుట అన్యాయము. వితంతువుల కన్నీరు తుడిచిన కందుకూరి వీరేశలింగముగారు 1893లో రావుబహద్దరులైరి. సవరల భాషకు నిఘంటువును, వ్యాకరణమును కూర్చిన గిడుగు రామమూర్తిగారికి రావుసాహేబు బిరుదమును, అటుపిమ్మట కైసరిహింద్ పతకమును లభించినవి. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు, కట్టమంచి రామలింగారెడ్డిగారు సర్ బిరుదము నందినారు. ఈ మహనీయుల యోగ్యతను శంకించువాడెవ్వడు? దోషము పుచ్చుకొనినవారిలో లేదు. ఇచ్చిన చేయి పరులది, ఇచ్చుటలోని యుద్దేశము తన ప్రభుత్వమునకు పట్టుకొమ్మలను సమకూర్చుకొనుట.

సైనికుల విషయమున ఈస్టిండియా కంపెనీ అంతకుముందే, 1837లో, దేశీయ సిపాయిల పరాక్రమమునకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ అను పతకమును ఏర్పఱచియుండెను. అందు మూడు తరగతులు; పై తరగతి కావలెనన్న సిపాయి మఱల మఱల ప్రాణములకు తెగింపవలెను. 1856లో పుట్టిన విక్టోరియా క్రాసు మాత్రము చిరకాలము భారతీయ సిపాయికి అందని పండుగానే యుండెను. ఒకే కందకములో ప్రక్కప్రక్కనే నిలిచి పోరాడిన తెల్లసైనికునకు దానిని పొందు నర్హత యుండగా నల్లసైనికునకు లేదు. 1911 ఢిల్లీ దర్బారునందు ఆ యడ్డు తొలగింపబడినది. మూడేండ్లకు, 1914 అక్టోబరు 31వ తేదీన, బెల్జియమునందలి హోలబెకె వద్ద తన తుపాకిదళములోని తోడివారందఱు కూలినను ఒంటరిగా నిలిచి పోరాడిన ఖుదాదాద్‌ఖాన్ దాని నార్జించిన తొలి భారతీయ సిపాయి యయ్యెను. ఏబదియైదేండ్ల పాటు ఈ దేశపు సిపాయిలలో ఇట్టివాడొక్కడును పుట్టలేదనుకొందుమా?

జలియన్‌వాలాబాగు ఈ గౌరవముల మెఱుగును ఒక్కపెట్టున మాపివేసినది. 1915లో తాను స్వీకరించిన సర్ బిరుదమును 1919 మే నెల చివర రవీంద్రనాథుడు వైస్రాయికి లేఖ వ్రాసి త్యజించెను. 1920 ఆగస్టు 1వ తేదీన గాంధీమహాత్ముడు కైసరిహింద్ పతకమును, దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధమునందును జూలూ తిరుగుబాటునందును క్షతగాత్రులకు చేసిన పరిచర్యకు వచ్చిన పతకములను వెనుకకు పంపివేసెను. హైదరాబాదు వాసురాలైన సరోజినీదేవియు తన పతకమును త్రిప్పి పంపినది. కలకత్తాలో ఆ సెప్టెంబరున జరిగిన ప్రత్యేక కాంగ్రెసు ఆమోదించిన సహాయనిరాకరణ కార్యక్రమమున మొదటి యంశము బిరుదత్యాగమే. దానితో రావుబహద్దరు అను మాటకు గ్రామములలో గల విలువ తలక్రిందులయ్యెను. సరిగా ఆ కాలముననే తెలుగుదేశమున మఱియొకవిధమైన బిరుదములు మొలకెత్తినవి. 1928లో మద్రాసున సైమను సంఘ బహిష్కారమునాడు తుపాకులకు ఱొమ్మొడ్డిన టంగుటూరి ప్రకాశముగారిని జనులు ఆంధ్రకేసరి యనిరి; కాశీనాథుని నాగేశ్వరరావుగారిని దేశోద్ధారకు డనిరి; కొండ వేంకటప్పయ్యగారిని దేశభక్తు డనిరి. వీనికి ఫర్మానాలు లేవు, రాజపత్రమున ప్రకటనలు లేవు. అయినను ఇవియు పేరులో చేరిన గౌరవములే! ప్రజల ప్రేమయు పేరును పట్టుకొనియే వ్రేలాడుననుటకు ఇది నిదర్శనము. జాతి హృదయములో నాటుకొనిన ఈ యలవాటును రాజ్యాంగకర్తలు త్రెంచబూనుట సామాన్యమైన సాహసము కాదు.

రాజ్యాంగము పదునెనిమిదవ అధికరణము క్లుప్తమైనది. సైనిక విద్యావిషయక విశిష్టతలు తప్ప మఱి యే బిరుదమును రాజ్యము ప్రసాదింపరాదు. భారతపౌరుడు పరరాజ్యమునుండి ఏ బిరుదమును స్వీకరింపరాదు. అస్పృశ్యతను నిషేధించిన పదునేడవ అధికరణమునకు వెంటనే ఇది నిలుచుటలో గల యౌచిత్యమును మనము సాధారణముగా గమనింపము. పుట్టుకచేత ఒకని నధముని చేయుట నేరమని మొదటిది చెప్పగా, ప్రభువు మాటచేత ఒకని నుత్తముని చేయుట తగదని రెండవది చెప్పుచున్నది. సమానత్వమను నొకే త్రాసునకు అవి రెండు సిబ్బెలు. సంస్థానాధీశుల బిరుదములు మాత్రము విలీనపు టొడంబడికల బలమున మఱికొంతకాలము నిలిచి, 1971లో ఇరువదియాఱవ రాజ్యాంగసవరణముతో రాజభరణములతోపాటు అంతరించినవి.

సైనికపతకముల అక్కఱ అంతకంటె ముందే, అత్యంత తీవ్రముగా వచ్చిపడినది. స్వాతంత్ర్యము వచ్చిన రెండు నెలలకే కాశ్మీరమున యుద్ధము మొదలయ్యెను. సైనికులు నేలకొఱగుచుండిరి; కాని వారి శౌర్యమును గుర్తించుటకు దేశమునకు స్వంత పతకము లేదు. బ్రిటిషు చక్రవర్తి పేరిట ఇయ్యబడు పతకమును స్వతంత్రభారత సైనికుని ఱొమ్మున గ్రుచ్చుటకు మనసొప్పదు. రాజ్యాంగము ఇంకను రూపొందుచుండెను. తుదకు గణతంత్రము వెలసిన 1950 జనవరి 26వ తేదీననే పరమవీరచక్రము, మహావీరచక్రము, వీరచక్రము స్థాపింపబడి, 1947 ఆగస్టు 15వ తేదీనుండి వర్తించునట్లు ఏర్పాటు జరిగెను. వెనుకటి తేదీనుండి అన్న ఆ చిన్న నిబంధనలో ఆ రెండున్నరయేండ్లలో చనిపోయినవారి ఋణము తీర్చుకొను తహతహ యున్నది.

పరమవీరచక్రమునకు రూపకల్పన చేసినది ఒక స్త్రీ. అదియు పుట్టుకచే యూరోపియను. 1913లో స్విట్జర్లాండునందలి నూషతెల్ నగరమున, హంగేరీ దేశీయుడగు తండ్రికిని రష్యా దేశీయురాలగు తల్లికిని జన్మించిన ఈవ్ అను బాలిక, విక్రమ్ ఖానోల్కర్ అను మహారాష్ట్ర సైనికోద్యోగిని ప్రేమించి, ఈ దేశమునకు వచ్చి, 1932లో ఆతనిని వివాహమాడి సావిత్రీబాయి యయ్యెను. పేరు మార్చుకొని ఊరకుండక, ఆమె సంస్కృతమును, పురాణములను, మన చిత్రనృత్యకళలను శ్రద్ధతో నభ్యసించినది. క్రొత్త పతకముల రూపములను నిర్ణయించు భారమును వహించిన మేజర్ జనరల్ హీరాలాల్ అటల్ ఆమె పాండిత్యము నెఱిగి ఈ పని నామెకు అప్పగించెను. శౌర్యమునకు చిహ్నముగా ఏ సింహమునో, ఏ ఖడ్గమునో చిత్రించుట ఎవరికైనను తోచు పని. ఆమెకు తోచినది దధీచి. వృత్రాసురుని చంపుటకు ఆయుధము కావలెనని దేవతలు వేడగా, ఆ ముని తన దేహమును విడిచి తన యెముకల నిచ్చెననియు, వానినుండి ఇంద్రుని వజ్రాయుధము పుట్టెననియు గదా మన పురాణగాథ. అందుచే కంచు పతకము నడుమ రాజ్యచిహ్నమును, దానిచుట్టు నాలుగు వజ్రాయుధములను ఆమె నిలిపెను. పతకము వెనుకవైపు రెండు తామరపూవులు, పట్టీ ఊదారంగుది. బంగారమును వెండిని కాదని అత్యున్నత పతకమునకు కంచునే యెంచుట విక్టోరియా క్రాసు నాటినుండి వచ్చిన సంప్రదాయము కావచ్చును. కాని ఎముకల నిచ్చిన ముని కథకు కంచు తగినట్లు బంగారము తగదని నాకు తోచును. ఇతరుల రక్షణకై తన దేహమును ఆయుధముగా చేసి యిచ్చినవాడు అను అర్థమును ఇంత గంభీరముగా చెప్పిన సైనికపతకము మఱియొకటి నాకు కనబడలేదు.

ఆ పతకమును తొలుత ఆర్జించినవాడు మేజర్ సోమనాథశర్మ. 1947 నవంబరు 3వ తేదీన శ్రీనగరమునకు సమీపమునందలి బడ్గాం గ్రామమున, నాలుగవ కుమావూన్ పటాలములోని ఒక దళమునకు ఆతడు నాయకుడు. అంతకుముందే చేయి విఱిగి, ఎడమచేతికి కట్టుండెను. యుద్ధమునకు పోనవసరములేదని చెప్పినను వినక వెళ్ళెను. శత్రువులు అనేకరెట్లధికులు. వారు దాటివచ్చినచో విమానాశ్రయము, దానితో శ్రీనగరము చేజాఱిపోవును. తుపాకులు పట్టిన జవానులు ఒక్కొక్కరే ఒరగిపోవుచుండగా, సోమనాథుడు కట్టుతో నున్న చేతితోనే తూటాలు నింపి వారి కందించుచు, చివరిమనిషి, చివరితూటా వరకు పోరుదుమేగాని అంగుళమైనను వెనుదీయమని పై యధికారులకు వర్తమానము పంపెను. కొద్దిసేపటికే ప్రక్కన పడిన ఫిరంగిగుండుతో మందుగుండు పేలి ఆతడు మరణించెను. విమానాశ్రయము దక్కినది. ఆతని వయస్సప్పటికి ఇరువదినాలుగేండ్లు. సావిత్రీబాయి కుమార్తెను వివాహమాడినది ఆ సోమనాథుని సోదరుడే. తాను గీసిన పతకము మొదట తన వియ్యాలవారి యింటికే పోవునని ఆమె యెఱుగునా?

ఇప్పటివరకు పరమవీరచక్రము పొందినవారు 21 మంది. వారిలో 14 మందికి అది మరణానంతరము వచ్చినది. ఏడుదశాబ్దములకు మించిన కాలములో, ఇన్ని యుద్ధములలో, ఇంత పెద్దసైన్యమునకు ఇన్నియే. ఆ మితమువలననే దానికి మచ్చ రాలేదు. శత్రుసముఖమున కాక అన్యత్ర చూపిన ధైర్యమునకై 1952లో అశోకచక్రము మూడుతరగతులుగా ఏర్పడి, 1967లో అశోకచక్రము, కీర్తిచక్రము, శౌర్యచక్రము అను పేర్లు దాల్చినది; దీనికి సైనికేతరులును అర్హులు. 1986లో అపహరింపబడిన విమానమునందు ప్రయాణికులను కాపాడుచు మరణించిన నీరజా భానోత్‌నకు లభించినది ఇదియే. ఆంధ్రప్రదేశ్ గ్రేహౌండ్స్ దళమునకు చెందిన కె. ప్రసాదబాబునకు 2014లో మరణానంతరము లభించినదియు ఇదియే. తెలుగునేలకు మహావీరచక్రము తెచ్చినవారిలో కార్గిల్ పోరాటమున 1999 జూన్ 28న నేలకొఱగిన హైదరాబాదీయుడు మేజర్ పద్మపాణి ఆచార్యను, 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో అమరుడైన సూర్యాపేట బిడ్డ, పదునాఱవ బీహారు పటాలపు అధిపతి కర్నల్ సంతోష్‌బాబును స్మరింపకుండుట సాధ్యముకాదు.

పౌరగౌరవముల ఏర్పాటు ఇంకొక నాలుగేండ్లు ఆలసించెను. 1954 జనవరి 2వ తేదీన భారతరత్నమును, పద్మవిభూషణమును స్థాపించుచు రాష్ట్రపతి కార్యాలయము ప్రకటనలు వెలువరించెను. పద్మవిభూషణమునందు తొలుత పహలా వర్గ్, దూస్రా వర్గ్, తీస్రా వర్గ్ అని రైలుపెట్టెలవలె మూడు తరగతులుండెను. ఏడాది తిరుగునప్పటికి, 1955 జనవరిలో, పద్మవిభూషణ్, పద్మభూషణ్, పద్మశ్రీ అను శోభనమైన పేర్లు వచ్చినవి. భారతరత్నపు పతకము మొదట గుండ్రని బంగారుబిళ్ళ. అదియు మఱుసటి యేట రావియాకు ఆకృతిగల కంచుపతకముగా మాఱి, దానిపై ప్లాటినముతో సూర్యబింబము వెలసినది. బోధివృక్షపు టాకును ఎన్నుకొనిన కళాకారుని యూహ మిక్కిలి రమ్యము.

తొలి భారతరత్నములు మువ్వురు: చక్రవర్తి రాజగోపాలాచారి, సర్వేపల్లి రాధాకృష్ణన్, చంద్రశేఖర వేంకటరామన్. రామన్ చిన్ననాట చదువుకొనినది విశాఖపట్టణమున. రాధాకృష్ణన్ ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు 1931 మొదలు 1936 వరకు ఉపాధ్యక్షులు. ఇందొక విశేషము కలదు. మువ్వురిలో ఇరువురు ఆంగ్లప్రభుత్వమువలన సర్ బిరుదము నందినవారే: రామన్ 1929లో, రాధాకృష్ణన్ 1931లో. అదే ప్రతిభ రెండు రాజ్యములచేత గుర్తింపబడినది. మొదటిది వారి పేర్లకు ముందు నిలిచినది, రెండవది పేర్లను తాకలేదు. డాక్టరు రాధాకృష్ణన్ అనుటయే స్వతంత్రభారతమున ఆయనకు చాలియుండెను.

ఐనను అనుమానములు వెంటనే పుట్టినవి. పేరు వేఱైనను ఇవి బిరుదములు కావా యని ప్రశ్నించినవారు సామాన్యులు కారు. రాజ్యాంగసభలో ఇట్టి గౌరవములను వ్యతిరేకించిన హృదయనాథ కుంజ్రూ తనకు భారతరత్న మిత్తుమనగా ఆ కారణముననే వలదనెను. ఆచార్య కృపలానీ 1969లో ఈ గౌరవముల రద్దునకై లోకసభలో బిల్లును ప్రవేశపెట్టెను. అది వీగిపోయినను, 1977 జూలైలో మురార్జీదేశాయి ప్రభుత్వము వీనిని నిలిపివేసెను. 1980 జనవరిలో ఇందిరాగాంధీ తిరిగి వచ్చినంతనే ఇవియు తిరిగి వచ్చినవి. 1992లో ఉన్నతన్యాయస్థానములలో వ్యాజ్యములు పడి మఱల కొంతకాలము ఆగినవి. చివరకు 1995 డిసెంబరు 15వ తేదీన సర్వోన్నత న్యాయస్థానపు రాజ్యాంగ ధర్మాసనము, ఇవి పదునెనిమిదవ అధికరణము నిషేధించిన బిరుదములు కావనియు, ఐతే వీనిని పేరునకు ముందుగాని వెనుకగాని తగిలింపరాదనియు తీర్పుచెప్పెను. ఆ తీర్పుతో ప్రశ్న ముగిసెననుకొనిన కొన్నియేండ్లకు ఒక తెలుగు చలనచిత్రపు నామావళిలో నటుల పేర్లకు ముందు పద్మశ్రీ అని వేసిన విషయము ఉన్నతన్యాయస్థానమునకు ఎక్కినది. పేరులో గౌరవమును చేర్చుకొను అలవాటు చట్టము చెప్పినంతనే పోవునది కాదు. సభలలో వక్తలు, పెండ్లిపత్రికలలో బంధువులు, పత్రికలలో విలేఖరులు నేటికిని ఆ పని చేయుచునేయున్నారు.

ఆలస్యము పౌరగౌరవములకు పట్టిన మఱియొక జాడ్యము. అంబేద్కరునకు 1990లో, సర్దార్ పటేలునకు 1991లో, మన పాములపర్తి వేంకట నరసింహారావుగారికి ఆయన గతించిన ఇరువదియేండ్లకు 2024లో భారతరత్నము వచ్చినది. ఏడాదికి మువ్వురికి మించరాదన్న నియమము గల ఆ గౌరవము ఆ యేట ఐదుగురికి ప్రకటింపబడినది. 2013లో పద్మభూషణమును ప్రకటింపగా, ఇది చాల ఆలస్యముగా వచ్చినదనియు దక్షిణాది కళాకారులకు తగిన గుర్తింపు లేదనియు గాయని యస్. జానకి తిరస్కరించినది. ఆమె మాటలో సత్యము లేదని చెప్పగలవారెవ్వరు?

ఇటీవలి యేండ్లలో ఎవరైనను ఎవరి పేరునైనను ప్రతిపాదింపవచ్చునన్న పద్ధతి వచ్చిన పిమ్మట పద్మశ్రీ పట్టికలు మాఱినవి. ఇది నాకు మిక్కిలి సంతోషము కల్గించిన మార్పు. స్థానము నరసింహారావుగారు, ద్వారము వేంకటస్వామినాయుడుగారు వంటి కళామూర్తులు వెనుకటి తరములో ఆ గౌరవమునకు వన్నె తెచ్చిరి. ఇప్పుడు పండ్రెండు మెట్ల కిన్నెర మొగిలయ్య, కోయల డోలు పట్టి వీరగాథలు పాడు సకిని రామచంద్రయ్య, తోలుబొమ్మలకు ప్రాణముపోయు దళవాయి చలపతిరావు, గుస్సాడీ గురువు కనకరాజు, జీవితమంతయు మొక్కలు నాటిన దరిపల్లి రామయ్య రాష్ట్రపతిభవనపు తివాచీపై నడచిరి.

కాని ఒక కొఱత మిగిలియున్నది. శౌర్యపతకము నిచ్చునపుడు రాజపత్రమునందు ఆ వీరుడు ఏ దినమున, ఏ స్థలమున, ఏమి చేసెనో ప్రశంసాపత్రము సవివరముగా చెప్పును. దానిని చదివినవానికి మఱి సందేహముండదు. పద్మపురస్కారముల పట్టికలోనో పేరు, రంగము, రాష్ట్రము ఈ మూడే ప్రధానముగా కన్పట్టును. కొందఱిని గూర్చి క్లుప్తపరిచయములు ఇప్పుడిప్పుడు వెలువడుచున్నను అవి చాలవు. 2017లో చింతకింది మల్లేశమునకు పద్మశ్రీ వచ్చినది. ఆఱవ తరగతితో చదువు మానిన ఆ నేతకారుడు, పోచంపల్లి చీరకు ఆసుపోయుటకై తన తల్లి దినమున వేలమారులు చేయి ఆడించి భుజము నొప్పితో బాధపడుట చూచి, యంత్రశాస్త్రము చదువకయే సంవత్సరముల తరబడి ప్రయత్నించి, 1999లో ఆసుయంత్రమును నిర్మించి దానికి తల్లి పేరు పెట్టెను. ఈ వృత్తాంతము ఆ యంత్రముచే భుజములు తేలికపడిన స్త్రీలకు తెలియును, పత్రికలు చదువువారికి తెలియును. బడ్గాం యుద్ధమును చెప్పినంత సవివరముగా దీనినిగూడ ప్రతి యేటను ప్రభుత్వమే వ్రాసి, రాజపత్రమున అచ్చువేసి, ప్రతి రాష్ట్రపు భాషలోను పాఠశాలలకు పంపవలెనని నా కోరిక.